మూడో చెయ్యి

తెనాలి,
అక్టోబరు 14, 2024

ఒరేయ్ జాన్సన్,

బండి తెచ్చుకున్నాను. తాళాలు, నీ చీటీ, చెల్లెమ్మ ఏసమ్మ ఇచ్చిన రొయ్యల పచ్చడి అన్నీ అందాయి. పచ్చడి బాగుంది. బండి బాగాలేదు.

ఫోనెత్తి నిన్ను నాలుగు దులపాలని ఉంది. కానీ కార్బ్యురేటర్ గొడవలో ఏడాదిపాటు మాటలు మానేశాక, బండి సంగతులు ఉత్తరాల్లోనే తేల్చుకోవాలని మనమే పెట్టుకున్నాం కదా. ఫోనైతే నువ్వు మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవాల్సిందే. చదువు.

ఈ ఆర్నెల్లూ దీన్ని ఎలా నడిపావురా? నేను రేపల్లెలో బస్సు దిగి మీ ఇంటికొచ్చేసరికి నువ్వు లేవు. గుంటూరు వెళ్ళావన్నారు, ఏం పనో ఎవరూ చెప్పలేదు. సరే అని నేనే తాళాలు తీసుకుని బయల్దేరాను. వేమూరు దగ్గర ఇటుకల లారీ ఎదురొచ్చింది. స్టీరింగు కొంచెం ఎడమకి తిప్పాను, బండి కదల్లేదు. ఇంకొంచెం తిప్పాను, ఒక్కసారిగా కాలవ వైపు దూకింది. ఇంటికొచ్చేదాకా నా ప్రాణాలు నా దగ్గర లేవు.

రాగానే కిందకి దూరాను. స్టీరింగు తిప్పినప్పుడు చక్రాల్ని అటూ ఇటూ నెట్టే అడ్డకడ్డీ ఉంది కదా, ర్యాక్, దాన్ని బండి అడుగుకి పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు రెండూ నలిగి పిప్పి అయిపోయాయి. చక్రాలు తిరగాల్సింది పోయి ర్యాకే పక్కకి జరుగుతోంది.

ఇది కనిపెట్టాలంటే పైన ఒకరు స్టీరింగు తిప్పాలి, కింద ఒకరు చూడాలి. మా ఆవిడ కనకదుర్గ తిప్పుతానంది. మన రూలు తెలుసుగా, మనిద్దరివీ తప్ప మూడో చెయ్యి ఆ స్టీరింగు మీద పడకూడదు. ఈ రెండు సీట్ల పాత ఇంగ్లీషు కారుని మద్రాసులో చెరిసగం వేసుకుని కొన్న రోజున నువ్వు బైబిలు మీద, నేను వెంకటేశ్వరస్వామి పటం మీద ప్రమాణం చేశాం. అందుకని స్టీరింగుకి తాడు కట్టి, రెండు కొసలూ కిందకి తెచ్చుకుని, నేనే లాగుతూ నేనే చూశాను. మా ఆవిడ అరుగు మీద నిలబడి "బండికి కూడా మడేంటండీ, చోద్యం కాకపోతే!" అని ఒకటే నవ్వు.

స్నేహలత పెళ్ళి సంగతి నీ చీటీలో చదివాను. ఫిబ్రవరిలో, బాపట్ల చర్చిలో. రేపల్లె నుంచి కూతుర్ని నువ్వే ఈ బండిలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాలి, ఆ నెల నా వంతులో పడుతుంది కాబట్టి బండి ఇవ్వగలవా అని రాశావు. అడగాలిట్రా? నవంబరు ఆఖరుకే తెచ్చి ఇస్తాను. కానీ ఈ స్టీరింగుతో నా మేనకోడల్ని ఎక్కించనివ్వను. బుష్‌లు మారుస్తున్నాను.

పాండు


రేపల్లె,
అక్టోబరు 21

పాండూ,

బుష్‌ల జోలికి వెళ్ళకు.

నాకు ఆ స్టీరింగు అలవాటైపోయింది. కాస్త ముందుగా తిప్పుకోవాలి, అంతే. ఆర్నెల్లలో నాకు ఒక్కసారి కూడా ఇబ్బంది కలగలేదు. ఇటుకల లారీని చూసి కంగారు పడింది నువ్వు. నీ కంగారు ఎలాంటిదో బాపట్ల కాలేజీ హాస్టల్లో నీతో ఒకే గదిలో పడి ఉన్నవాణ్ణి, నాకు తెలియదా?

పెళ్ళి ముందు కొత్త పెంట పెట్టుకోవడం దేనికి? ఒకటి విప్పితే నాలుగు ఊడతాయి. పెళ్ళయ్యాక తీరిగ్గా మార్చుకుందాం.

నాకు ఈ మధ్య ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. పొద్దున్నే లేచి స్టేషను దాకా నడుస్తాను, వచ్చి పేపరు తీస్తాను, మళ్ళీ లేచి వీధిలోకి వెళ్తాను. కాలుగాలిన పిల్లిలా ఏంటలా తిరుగుతారు అని ఏసమ్మ విసుక్కుంటోంది. స్నేహ ఏడేళ్ళప్పుడు, ఈ బండి మనింటికి మొదటిసారి వచ్చిన రోజున, ఎక్కుతానని ఏడ్చింది. రెండే సీట్లమ్మా, నీ పెళ్ళిరోజున ఆ రెండో సీటు నీదే, చర్చి దాకా నేనే నడుపుతాను అన్నాను. ఏదో ఊరుకోబెట్టడానికి అన్నమాట. అది మర్చిపోలేదు. పెళ్ళి ఖాయమైన రోజున చీరల గురించి, నగల గురించి ఏమీ అడగలేదు. "నాన్నా, బండి మావయ్య దగ్గర ఉంటుందేమో, ముందే అడగండి" అంది.

ఆ ఒక్కటి సవ్యంగా జరిగితే నాకింకేమీ అక్కర్లేదు. బండిని ఉన్నదున్నట్టు ఉంచు.

జాన్సన్


తెనాలి,
నవంబరు 2

జాన్సన్ మాస్టారికి,

నీ ఉత్తరం అందేసరికి పని అయిపోయింది. కాకపోయినా నేను ఆగేవాణ్ణి కాదు.

రబ్బరు బుష్‌లు మనదేశంలో దొరకవు. ఇంగ్లండు నుంచి తెప్పిస్తే ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. మా మిల్లులో రోలర్ల కోసం తెచ్చిన నైలాన్ కడ్డీ ఉంది. దాన్ని మా లేతు మీద నేనే పట్టాను. రెండు పాడుచేశాను, మూడో జత కుదిరింది. పాత క్లాంపుల బోల్టులు తుప్పుపట్టి మొండికేశాయి. కిరసనాయిలు పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే పాన పెట్టి తిప్పితే ఒకటి వచ్చింది, ఒకటి విరిగింది. విరిగినదాన్ని డ్రిల్లు చేసి తీయడానికి ఒక పూట పట్టింది. నా మెడ ఇప్పటికీ పక్కకి తిరగడం లేదు. బండి మాత్రం తిరుగుతోంది.

వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా నూలుదారం లాగి కట్టి, చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసుకున్నాను. ఆ తర్వాత కొల్లూరు రోడ్డు మీద నడిపాను. ఒరేయ్, ఏం చెప్పను! వెంట్రుకవాసి తిప్పితే వెంట్రుకవాసి తిరుగుతోంది. మనం కొన్న రోజున కూడా ఇలా లేదు. చేతిలో ఏముంటే చక్రంలో అదే.

పాత బుష్‌లు పారేయలేదు. నువ్వు చూసి సిగ్గుపడాలని మేకుకి తగిలించి ఉంచాను.

ఇరవై తొమ్మిదిన బండి తెస్తాను. చెల్లెమ్మని చేపల పులుసు పెట్టమను. నువ్వు ఇంట్లో ఉండు.

పాండు


రేపల్లె,
డిసెంబరు 9

పాండురంగారావుకి,

నువ్వు బండి ఇచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి నాలుగుసార్లు తీశాను. నాలుగుసార్లూ మధ్యలోంచే వెనక్కి వచ్చాను.

నువ్వు దాన్ని పాడుచేశావు. తిన్నగా పోవడం లేదు. పాము పాకినట్టు పోతోంది. నిన్న చెరుకుపల్లి రోడ్డు మీద ఎదురుగా వచ్చే ఆటోవాడు పక్కకి ఆపేసి, "తాతగారూ, ఒంట్లో బాగాలేదా అండీ?" అని అడిగాడు. తాగి నడుపుతున్నాననుకున్నాడేమో, మొహం దగ్గరికొచ్చి వాసన కూడా చూశాడు. నా బతుకులో ఇంత అవమానం పడలేదు.

నైలాన్ గట్టిది. అది ఏ కుదుపునీ మింగదు. ఫిజిక్సు చెప్పుకుని బతికినవాణ్ణి, రాయికీ రబ్బరుకీ తేడా నాకు తెలుసు. వద్దంటే విన్నావా? నీ లేతు, నీ కడ్డీ, నీ గొప్ప.

పాత బుష్‌లు మేకుకి ఉన్నాయన్నావు కదా. వచ్చి అవే మళ్ళీ వెయ్యి. పెళ్ళి దగ్గరపడుతోంది. నాకు నిద్ర పట్టడం లేదు.

జాన్సన్


తెనాలి,
డిసెంబరు 16

జాన్సన్,

పాత బుష్‌లు వెయ్యాలా? కాలవలో పడబోయిన స్టీరింగు మళ్ళీ కావాలా నీకు? నీకు నడపడం రాదని చెప్పు, ఒప్పుకుంటాను. నా పనికి వంక పెడితే మాత్రం ఊరుకోను. మా మిల్లులో నా చేతి పనికి ఇంతవరకూ ఎవడూ వేలెత్తి చూపలేదు. ఆదివారం వస్తున్నాను. నువ్వున్నా లేకపోయినా బండి తీసి చూస్తాను. అప్పుడు తేలుస్తాను పాడైంది ఏదో.

(డిసెంబరు 23)

పై ముక్క పోస్టు చేయలేదు. చేసి ఉంటే బాగుండేది కాదు.

నిన్న వచ్చాను. నువ్వు క్రిస్మస్ పాటల సాధనకని చర్చికి వెళ్ళావు. బండిని పెనుమూడి వంతెన మీదికి తీసుకెళ్ళాను. వంతెన ఖాళీగా ఉంది. స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీసేశాను. ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీసినట్టు పోయింది. నువ్వు ఎదురుగా ఉంటే నీ చెవి మెలేసి చూపించేవాణ్ణి. అంత సంతోషంగా మీ ఇంటికి తిరిగొచ్చాను.

ఏసమ్మ అరిసెలు వండుతూ, నాకు టీ కలిపింది. పళ్ళెంలో రెండు గ్లాసులు. ఒకటి నిండుగా, ఒకటి సగం. సగం గ్లాసు నేను తీసుకోబోతే, "అది ఆయనదండి అన్నయ్యా, వచ్చే వేళైంది. నిండుగా పోస్తే ఒలికిపోతుంది" అని, అన్నాక నాలిక కరుచుకుంది.  చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నువ్వు వచ్చేలోగా లేచి బస్సెక్కేశాను. నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

బస్సులో అంతా అర్థమైంది. పాత బుష్‌లు అరిగి స్టీరింగులో ఖాళీ వచ్చింది. నీ చేతుల వణుకు ఆ ఖాళీలోనే పోయేది, చక్రాలదాకా వచ్చేది కాదు. నేను ఆ ఖాళీ పూడ్చేశాను. చేతిలో ఏముంటే చక్రంలో అదే అని గొప్పగా రాశాను కూడా.

ఎన్నాళ్ళ నుంచిరా? గుంటూరు వెళ్ళింది ఇందుకేనా? నాకెందుకు చెప్పలేదు? నా మీద నాకు చాలా కోపంగా ఉంది, నీ మీద అంతకన్నా ఎక్కువ ఉంది.

పాండు


రేపల్లె,
జనవరి 3, 2025

పాండూ,

ఏసమ్మ చెప్పింది నువ్వు వచ్చావని. పండగ పూట వారం రోజులు దాంతో మాట్లాడలేదు. పాపం, అది చేసిన తప్పేమీ లేదు.

పోయిన ఏడాది ఎండాకాలం నుంచి. ముందు కుడిచెయ్యి, తర్వాత రెండూ. గుంటూరు డాక్టరు చూసి ప్రాణానికి భయం లేదన్నాడు. వయసుతో కొందరికి వస్తుందట. మందులు ఇచ్చాడు. వాటితో నిద్రొస్తుంది తప్ప వణుకు తగ్గదు. చెయ్యి ఊరికే పడి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. ఏదైనా పట్టుకున్నప్పుడే మొదలవుతుంది. గ్లాసు, పెన్ను, స్టీరింగు. ఈ అక్షరాలు చూడు, ఈ కాగితం రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను.

నీకెందుకు చెప్పలేదంటే, సిగ్గు. మన ఇద్దర్లో చెయ్యి కుదురుగా ఉండేది నాది. కాలేజీ ల్యాబులో నువ్వు పగలగొట్టిన గొట్టాలకి లెక్క లేదు, నేను ఒక్కటీ పగలగొట్టలేదు. అదొక్కటే నీ మీద నాకున్న పైచెయ్యి.

స్నేహకి తెలియదు. తెలియనివ్వను కూడా. తెలిస్తే "పర్లేదు నాన్నా, టాక్సీ పెట్టుకుందాం" అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు నేను చూడలేను.

నిన్ను బతిమాలుతున్నాను. ఒక్క రోజుకి పాత బుష్‌లు వెయ్యి. మెల్లగా నడుపుతాను. పెళ్ళి మర్నాడు నువ్వు ఏది బిగించుకున్నా కాదనను. ఆ తర్వాత నా వంతు కూడా నువ్వే తీసుకో. నేనింక ఆ బండి అడగను.

జాన్సన్


తెనాలి,
జనవరి 9

జాన్సన్,

వెయ్యను.

నీ ఉత్తరం చదివి మిల్లులోకి వెళ్ళి ఆ పాత బుష్‌లు చేతిలోకి తీసుకున్నాను.  నిజం చెప్పాలంటే ఒక నిమిషం పాటు వేసేద్దామనే అనుకున్నాను. తర్వాత వేమూరు దగ్గర బండి కాలవ వైపు దూకిన దూకుడు గుర్తొచ్చింది. పక్క సీట్లో పెళ్ళిచీరతో మన పిల్ల ఉన్నట్టు కనిపించింది. కత్తి తీసుకుని బుష్‌లు రెండింటినీ నాలుగు ముక్కలు చేశాను. నువ్వు మళ్ళీ అడిగినా, నాకు మళ్ళీ మనసు కరిగినా ఇక కుదరదు.

నేను నడుపుతానని అంటాననుకున్నావా? అనను. ఉన్నవి రెండే సీట్లు. నేను ఒకదాంట్లో కూర్చుంటే నువ్వు పెళ్ళికూతురి వెనక ఆటోలో రావాలి. అది నాకు ఇష్టం లేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. మన రూలు తప్పాలి. స్నేహ వ్యవసాయ శాఖ జీపుని కాలవ కట్టల మీద, బురదలో, వర్షంలో నడుపుతుంది. పోయిన తుపానులో చెట్లు పడిన రోడ్డు మీద అదే జీపుతో నిజాంపట్నం వెళ్ళొచ్చిందని నువ్వే గొప్పలు చెప్పావు. ఆ చేతులకి ఈ బండి ఎంత? నువ్వు దానికిచ్చిన మాటలో, దాని పక్కన నువ్వు ఉంటానన్నది పెద్దదా, స్టీరింగు నీ చేతిలో ఉంటుందన్నది పెద్దదా?

పిల్లకి చెప్పు. నా ప్రమాణం నేను వదులుకున్నాను, మా స్వామికి ఒక కొబ్బరికాయ కొట్టి చెప్పుకున్నాను. నీది నువ్వు చూసుకో.

పాండు


రేపల్లె,
జనవరి 20

పాండూ,

బుష్‌లు కోసేశావన్నమాట. నీకు చెప్పడం నాదే బుద్ధి తక్కువ.

మూడుసార్లు స్నేహ దగ్గర మాట మొదలుపెట్టాను. ఒకసారి కార్డుల గురించి మాట్లాడి వచ్చాను. ఒకసారి పెళ్ళికొడుకు వినయ్ కుమార్ వాళ్ళ తరఫు ఎంతమంది వస్తున్నారని అడిగాను. మూడోసారి తలుపు దగ్గరే ఆగిపోయాను. నా వల్ల కాదు.

తెనాలిలో పూలు కట్టి ఇచ్చే తెల్లకారు మాట్లాడాను. డ్రైవరుతో సహా వస్తుంది. బండి గేరు పాడైందని స్నేహకి చెబుతాను. నువ్వు ఆ రోజు బాపట్లలో నోరు జారకు. ఇంక ఈ విషయం మీద ఉత్తరం రాయకు.

జాన్సన్


బాపట్ల,
ఫిబ్రవరి 8

పాండూ,

మొన్న చర్చి గేటు దగ్గర నువ్వు నన్ను "ఏంట్రా, ఏం జరిగిందిరా" అని భుజం పట్టుకుని ఊపేశావు. బండి సంగతి నోటితో చెప్పకూడదు కదా, అందుకే చెప్పలేదు. వినయ్ వాళ్ళు మమ్మల్ని నాలుగు రోజులు ఇక్కడే ఉండమన్నారు. నెమ్మదిగా రాస్తున్నాను. అక్షరాలు కుదరకపోతే కూడబలుక్కుని చదువు.

ఆ పొద్దున తెల్లకారు వాకిట్లోకి వచ్చింది. అమ్మాయి తెల్లచీర, ముసుగు వేసుకుని బయటికొచ్చింది. తెల్లకారు వైపు చూడలేదు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళి మన బండి మీద గుడ్డ లాగేసింది. "గేరు పాడైందమ్మా" అన్నాను. "తాళాలు ఇవ్వండి నాన్నా, చూస్తాను" అంది. నేను జేబులోంచి తాళాలు తీశాను. తీసి పట్టుకునేసరికి అవి గలగలమని మోగడం మొదలుపెట్టాయి. వాకిలంతా చుట్టాలు. నేను పిడికిలి బిగించాను. ఇంకా ఎక్కువ మోగాయి.

దగ్గరికొచ్చి రెండు చేతులతో నా పిడికిలి పట్టుకుంది. "నెలల తరబడి చూస్తున్నాను నాన్నా. చర్చిలో ప్రభు సంస్కారం రోజున ద్రాక్షారసం గిన్నె మీరు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. మీరు చెబుతారని ఆగాను" అంది.  నాకు చాలా ఏడుపొచ్చింది పాండూ. అందరి ముందూ ఏడ్చాను.

తర్వాత అది నవ్వింది. నేను భయపడిన నవ్వు కాదది. "మీ రూలు నాకు తెలుసు. మీరు మావయ్య మాట వినరని కూడా తెలుసు. ఎడమ సీట్లో కూర్చోండి" అంది. నువ్వు దానికి ఫోను చేశావా? నిజం చెప్పు. బండి సంగతి ఫోనులో మాట్లాడి ఉంటే నీకు జరిమానా.

ఇన్నేళ్ళలో, నేను నడపాల్సిన రోజున ఎడమ సీట్లో కూర్చోవడం ఇదే మొదలు. పూలగుత్తి నా చేతుల్లో పెట్టింది. పూలు దారంతా వణికాయి. టాప్ లేని బండి, గాలికనుకున్నారు అందరూ. కర్లపాలెం దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది కదా, అక్కడ అది ఒక్క చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి నా చేతుల మీద వేసింది. కాసేపు పూలు కదల్లేదు. నా పెళ్ళి రోజున కూడా నేను అంత సంతోషంగా లేను, ఏసమ్మకి చెప్పకు.

బండి అటూ ఇటూ కదల్లేదురా. ఒప్పుకుంటున్నాను. నీ నైలాన్ బుష్‌లు బాగున్నాయి.

ఆ తర్వాతది నీకు తెలుసు. పెళ్ళయ్యాక వినయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, మనల్ని అడగనైనా అడగకుండా, సూర్యలంక వైపు వెళ్ళిపోయింది. మనిద్దరం కొత్త బట్టలతో గేటు దగ్గర దుమ్ములో నిలబడ్డాం. ఆ సాయంత్రం నువ్వు తెనాలి బస్సెక్కుతూ "మన బండేదిరా" అని అడిగావు. ఇప్పుడు చెబుతున్నాను. ఆర్నెల్లు, ఆర్నెల్లు వంతులు ఇక లేవు. మనిషికి నాలుగు నెలలు. మొదటి నాలుగూ దానివి.

మందు వేసుకుంటున్నాను. నిద్ర బాగా పడుతోంది.

జాన్సన్


బాపట్ల,
మార్చి 2

పాండు మావయ్యకి,

నమస్కారం. అత్తయ్యని అడిగానని చెప్పండి.

ఫోను చేద్దామనుకున్నాను. బండి సంగతి ఉత్తరంలోనే రాయాలని నాన్న గట్టిగా చెప్పారు. నాకూ అదే రూలట. అప్పట్లో మీరు నాకు ఫోను చేశారా లేదా అని మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నేను చెప్పలేదు.

స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పితే కింద ఏదో టక్‌మంటోంది. నాన్న పోయిన ఆదివారం వచ్చి, పక్కన కూర్చుని, చెవిపెట్టి విని, ఏమీ లేదన్నారు. ఆయన ఏమీ లేదన్నారంటే ఏదో ఉందనే నాకు అనుమానం. అప్పుడు మీకు విరిగిన బోల్టు ఉంది కదా, ఆ వైపే అనుకుంటున్నాను.

వచ్చే ఆదివారం రండి. నాన్న కూడా వస్తారు, కుర్చీ వేసుకుని ఇద్దరికీ తప్పులు చెబుతారు. పాన తెచ్చుకోండి, నూలుదారం తెచ్చుకోండి. తాడు మాత్రం వద్దు. మీరు కింద పడుకుని చూడండి, పైన స్టీరింగు నేను తిప్పుతాను.

మీ కోడలు,
స్నేహలత